మేనేజరు తిననన్న వేసవి

ఆ ఏడు ఎండలు ముదురుతున్న రోజుల్లో మా అమ్మాయి ఒక ప్లాస్టిక్ డబ్బాను రెండు చేతులా పట్టుకుని, నీళ్ళు తొణక్కుండా, బస్సులో నిలబడే ఇంటికొచ్చింది. డబ్బాలో ఒక ప్రాణి. నా వేలంత కూడా లేదు. బల్లి అందామంటే నీళ్ళలో ఉంది, చేప అందామంటే కాళ్ళున్నాయి. మెడకి అటూ ఇటూ ఎర్రటి కుచ్చులు. ముందు కాలు ఒకటి లేదు. అమ్మాయి పనిచేసే రంగుచేపల దుకాణంలో దాని తోడబుట్టినవే కొరికేశాయట. యజమాని పారెయ్యమంటే తను ఇంటికి తెచ్చింది. దాన్ని ఆక్సొలాటల్ అంటారని పదేపదే చెప్పింది. నాకు నోరు తిరగలేదు. నోరు తిరగనివి నాకు చాలా ఉన్నాయి, మీసాలు రాకముందే బడి మానేసినవాణ్ణి.

"కాలు మళ్ళీ వస్తుంది నాన్నా," అంది. "కడుపు నిండా తింటే వస్తుంది."

మనుషులకేం రావు గానీ, అని గొణుక్కున్నాను.

మా తమ్ముడు డబ్బాని మొహానికెదురుగా ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. దానికి కనురెప్పలు లేవు. నోరు ఈ చివర నుంచి ఆ చివర దాకా సాగి ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉంటుంది.

"రెప్పెయ్యదు, మెడ తిప్పదు, ఏం చెప్పినా నవ్వుతుంది. అన్నయ్యా, ఇది మన మేనేజరే," అన్నాడు.

ఇక దానికి ఆ పేరే ఖాయమైంది.

మేమిద్దరం వీధి చివరి ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళం. వాడు మిషను గదిలో ఆపరేటరు, నేను దిమ్మలు లాగే మనిషిని. ఆ మిషను గదిలో ఒకప్పుడు నేనూ హెల్పరుగా ఉన్నాను. ఐసు కట్టించే అమోనియా గ్యాసు పైపు తెగిన రోజున మా పెద్దమేస్త్రి కళ్ళు మూసుకుని గోడ తడుముకుంటూ బయటికొచ్చాడు. ఆ కళ్ళు మళ్ళీ తెరవలేదు. మర్నాడు నన్ను ఆ గదిలోకి వెళ్ళమన్నారు. కాళ్ళు కదల్లేదు. ఆ తర్వాత కూడా కదల్లేదు. చేతికి కొక్కెం ఇచ్చి దిమ్మల దగ్గరికి తోశారు. అప్పట్నుంచీ ఫ్యాక్టరీలో నా పేరు పిరికి. ముందు వెనకాల అనేవారు, తర్వాత మొహం మీదే అన్నారు, చివరికి కొత్తగా చేరినవాళ్ళు అదే నా అసలు పేరనుకున్నారు. నేను బడి మానేసి చదివించిన తమ్ముడు, చదువు పూర్తి చేసి, వచ్చి కూర్చున్నది సరిగ్గా ఆ గదిలోనే. వద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు. కుళ్ళు అనుకున్నాడు. ఎప్పుడూ పైకి అనలేదు గానీ అనుకున్నాడు.

మా ఇంటికి ఫ్యాక్టరీ చప్పుడు వినపడుతూనే ఉండేది. వినపడేది అనడం కూడా సరికాదు, ఇంటికి ఆ చప్పుడు పట్టి ఉండేది. అలమరలో గ్లాసులు సన్నగా కొట్టుకునేవి. మేనేజరుని పెట్టిన గాజుతొట్టిలో నీళ్ళ మీద ఎప్పుడూ వెంట్రుకల్లాంటి అలలు కదిలేవి. మా ఆవిడ దాన్ని చూసి, పాపం దీనికీ మన ఇల్లే దొరికిందా అంది.

దాని తిండి పెద్ద తతంగం. మొదట్లో కంటికి ఆనని రొయ్యపిల్లలు. ఉప్పునీళ్ళ సీసాలో గుడ్లు వేసి, గాలి గొట్టం పెట్టి, అమ్మాయే పొదిగించేది. కాస్త ఎదిగాక సన్నటి ఎర్రపురుగులు. ఇంకొంచెం ఎదిగాక వానపాముల్ని కడిగి ముక్కలు చేసి పెట్టమంది. కదలని ముక్క దానికి తిండిలా కనపడదట. చిన్న పట్టకారుతో పట్టుకుని మూతి ముందు ఊపాలి. అది రాయిలా ఉంటుంది, ఉంటుంది, చూసి చూసి మనం ఏమరుపాటున ఉన్నప్పుడు గుటుక్కున లాగేస్తుంది. పళ్ళు లేనట్టే లెక్క, కరిచినా తెలియదు అనేది అమ్మాయి. అయినా ఆ గుటుక్కు దగ్గర ప్రతిసారీ నా చెయ్యి వణికేది.

"దీనికి నీ చెయ్యే సరి అన్నయ్యా," అన్నాడు తమ్ముడు. "మేమైతే ఊపాలి. నీకా శ్రమ లేదు."

మా ఆవిడ కూడా నవ్వింది. నవ్వనీ అనుకున్నాను. వాడి చెయ్యి మాత్రం గోడకి కొట్టిన మేకులా ఉండేది. మణికట్టు మాత్రం కొంచెంగా ఆడించేవాడు. మేనేజరు నీళ్ళడుగు నుంచి లేచొచ్చి మరీ తినేది.

వానపాములు తెచ్చే పని నాది. ఫ్యాక్టరీ వెనక, కరిగిన నీళ్ళు పోయే కాలువ పక్కన మట్టి ఎంత ఎండలోనూ తడిగా ఉండేది. రెండు పెళ్ళలు తిరగేస్తే చాలు, బోలెడు.

దానికి చల్లటి నీళ్ళు కావాలి. వేడెక్కితే తినదు, తినకపోతే చిక్కిపోతుంది, ఆ పసిదానికి చిక్కడానికి ఒంట్లో ఏముంది. మా పైకప్పు రేకులది. మధ్యాహ్నానికి ఇల్లు పొయ్యిలా కాలేది. మొదట మూతబిగించిన సీసాలో ఐసు పెట్టి తొట్టిలో తేల్చాం. ఆ ఎండకి చాల్లేదు. కుళాయి నీళ్ళలో మందు కలుస్తుంది గానీ మన ఐసు బోరునీళ్ళదే కదా నాన్నా, తిన్నగా వేసెయ్ అంది అమ్మాయి. నిజమే అనిపించింది. రోజూ పని దిగి వస్తూ విరిగిన దిమ్మ ముక్క ఒకటి గోనెలో చుట్టి తెచ్చేవాణ్ణి.

మాది వంతులవారీ కాపురం. నేను తెల్లారకముందే వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేవాణ్ణి. నేనొచ్చేసరికి తమ్ముడు బయల్దేరేవాడు. అమ్మాయి పొద్దుగూకాక వచ్చి తొట్టిలో నీళ్ళు మార్చేది. పొద్దున తిండి తమ్ముడు పెట్టేవాడు, మధ్యాహ్నం ఐసు వేసి నేను.

ఎండలు బాగా ముదిరాక మేనేజరు నా దగ్గర తినడం మానేసింది.

పొద్దున తమ్ముడి చేత తినేది. నేను ఐసు వేసి, నీళ్ళు చల్లబడ్డాక ముక్క ఊపితే మూతి తిప్పేసుకునేది. ఒకసారి లాక్కుని మళ్ళీ కక్కేసింది. కుచ్చులు ముందుకి ముడుచుకునేది, తోక చివర సున్నాలా చుట్టేది. ఉన్నట్టుండి లేచి గాజుకి కొట్టుకునేది. కొట్టుకుంటున్నప్పుడు కూడా నవ్వు మొహమే.

అన్నయ్య మొహం చూసి జడుసుకుంటోంది వదినా, అని తమ్ముడు మా ఆవిడతో హాస్యమాడాడు. మనుషులు సరే, వేలెడంత పురుగు కూడా నన్ను ఇంతేనా అనుకున్నాను. అమ్మాయి మాత్రం నవ్వలేదు. దాని పొట్ట చూడు నాన్నా, వెన్నుకి అంటుకుపోతోంది, అంది. మొలకెత్తిన కాలు మొటిమంత దగ్గరే ఆగిపోయింది.

ఆ వారంలోనే కాలువ పక్క వానపాములు బయటికొచ్చి చచ్చిపడి ఉన్నాయి. పట్టపగలు, ఎండలో, మట్టి మీద. తవ్వి చూస్తే లోపల ఒక్కటి లేదు. ఫ్యాక్టరీ తొట్టిలో ఉప్పునీళ్ళు ఎక్కడో కారుతున్నాయి కాబోలు అనుకున్నాను. ఐసు డబ్బాలు మునిగి ఉండే పెద్ద తొట్టి అది, దాని నిండా ఉప్పునీళ్ళే, ఆ నీళ్ళలోంచే గ్యాసు గొట్టాలు పోతాయి. ఉప్పు కారడం కొత్త కాదు. చేతులు దులుపుకుని వచ్చేశాను గానీ దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను.

తర్వాత ఒక రోజు ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి ఐసు గడ్డ కట్టలేదు. ఉత్త చేతులతో ఇంటికొచ్చాను. మా ఆవిడ పక్కింటి ఫ్రిజ్‌లోంచి గడ్డకట్టిన సీసా ఒకటి అడిగి తెచ్చింది. దాన్ని తొట్టిలో తేల్చి, వీధిలో మొక్కలమ్మే ఒకావిడ కుండీల్లోంచి ఏరుకొచ్చిన పురుగు ముక్క ఊపాను. ఊపడమేంటి, చెయ్యి ఆ పని అదే చేసింది. మేనేజరు లేచొచ్చి గుటుక్కున లాక్కుంది. ఇంకోటి పెట్టాను. అదీ లాక్కుంది.

సంతోషించాల్సింది. పట్టకారు చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. నా మొహంలో ఏమీ లేదు. నా చేతిలోనూ ఏమీ లేదు. మారింది ఐసు ఒక్కటే.

మర్నాడు మళ్ళీ దిమ్మ ముక్క తెచ్చాను. తొట్టిలో వెయ్యలేదు. స్టీలు గ్లాసులో వేసి, మూత పెట్టి, పూర్తిగా కరిగాక మూత తీసి వాసన చూశాను. నాకేం తెలియలేదు. ఆ ఫ్యాక్టరీలో ఉన్నవాడి ముక్కు ఇక ఆ గ్యాసుని పట్టదు, ఒంటికి ఇంకిపోతుంది. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ నా చొక్కాలు ఎన్నిసార్లు ఉతికినా ఏదో ఘాటు పోవట్లేదని ఏడ్చింది. తర్వాత అదే మా ఇంటి వాసన అయిపోయింది. అందుకే ఇంట్లో ఆ ఘాటు పెరిగినా ఎవరూ అనుమానపడలేదు. నేనొచ్చాను కాబట్టి వచ్చిందనుకున్నారు.

గ్లాసు ఆవిడ చేతికిచ్చి ఇదేంటో చెప్పు అన్నాను. బట్టలు మడత పెడుతూనే ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మీ చొక్కా పిండిన నీళ్ళా?" అంది. "ఇవి నాకెందుకు?"

గ్యాసు ఐసులోకి వచ్చిందంటే ముందు ఉప్పునీళ్ళలోకి వచ్చినట్టు. ఉప్పునీళ్ళలోకి వచ్చిందంటే గొట్టాన్ని తుప్పు తినేసినట్టు. గొట్టాన్ని తుప్పు అలా లోపల్లోపల తినేసి ఉన్నప్పుడు, పైన మిషను ఆ వేసవి జోరుమీద తోస్తుంటే, ఎప్పుడైనా తెగచ్చు. తెగితే ముందు అందేది ఆ పక్క గదిలో ఉన్నవాడికి.

నాకు చదువు లేదు. ఇది చదువుతో తెలిసింది కాదు. భయపడేవాడికి భయపడాల్సినవన్నీ కంఠతా వచ్చి ఉంటాయి.

మేనేజరుతో చెప్పాను, రెండు కాళ్ళ మేనేజరుతో. తిండి మానేసిన ప్రాణి గురించి, చచ్చిన వానపాముల గురించి, గ్లాసు గురించి. చెబుతుంటే నాకే పిచ్చివాడి మాటల్లా వినపడ్డాయి. ఆయన నవ్వు మొహంతో మొత్తం విన్నాడు. సీజను దాటనియ్యి, అన్నీ విప్పి చూద్దాం అన్నాడు. నేను మెట్లు దిగుతుంటే లోపల ఎవరో పిరికి అనడం, ఇంకెవరో నవ్వడం వినపడింది.

ఇంటికొచ్చి తమ్ముడు బయల్దేరుతుంటే గుమ్మంలో అడ్డం నిలబడ్డాను. జరిగింది చెప్పాను. వాడు గ్లాసు వాసన చూశాడు.

"ఏ వాసనా లేదే."

"మనకి రాదురా. మీ వదిన్నడుగు."

"వదినకి నువ్వేది చెబితే అదే వస్తుంది."

"ఇవాళ వెళ్ళకు."

వాడు చెప్పులేసుకున్నాడు. తల ఎత్తకుండా అన్నాడు:

"నీకు భయం వేసిన చోట నేను కూర్చున్నాను. అది నీకు మొదట్నుంచీ పడదు. నీ భయం నాకంటించకన్నయ్యా."

ఇన్నేళ్ళకి పైకి వచ్చింది మాట. నేను పక్కకి జరిగాను. వాడు వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమంతా నేను తొట్టి ముందు కూర్చున్నాను. నీళ్ళ మీద వెంట్రుకల అలలు కదులుతూనే ఉన్నాయి. అవి కదిలినంతసేపు మిషను ఆడుతున్నట్టు. మిషను ఆడినంతసేపు వాడు బతికున్నట్టో, ఇంకా చావనట్టో, నాకు రెండింటికీ తేడా తెలియలేదు.

మర్నాడు నాకు సెలవు. లేచేసరికి తమ్ముడు తొట్టి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. అమ్మాయి పక్కనే. గోనెలో ఊక కప్పి ఉంచిన నిన్నటి ముక్క తెమ్మన్నాడు వాడు. అమ్మాయి నా వైపు చూసింది. తెచ్చిమ్మన్నాను.

వాడే తన చేత్తో ఐసు వేశాడు. కరిగేదాకా ఎవరం కదల్లేదు. తర్వాత పట్టకారుతో ముక్క పట్టుకుని ఊపాడు. రోజూ వాడి చేత లేచొచ్చి తినే ప్రాణి. అది రాలేదు. మూతి దగ్గరికి తీసుకెళ్ళాడు. లాక్కుంది, కక్కేసింది. కుచ్చులు ముడుచుకుంది. ఒక్కసారిగా నీళ్ళపైకి లేచి నోరు తెరిచి గాలి మింగింది, మళ్ళీ మింగింది, గాజుకి కొట్టుకుంది.

"బాబాయ్, తియ్," అంది అమ్మాయి.

వాడు దోసిలితో ఎత్తి పక్కనున్న గిన్నెలో, మంచినీళ్ళలో వదిలాడు. దాని కుచ్చులు మెల్లగా విచ్చుకునేదాకా చూశాడు. మా ఆవిడ కంచం పెడితే ఆకలి లేదన్నాడు. రోజూ వెళ్ళే వేళకే చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

నేను తొట్టి ముందు కూర్చున్నాను. ఇల్లు కాలిపోతోంది. పురుగు ముక్కలు పెంకులో ఎండిపోతున్నాయి. మా ఆవిడ ఏదో అడిగింది, ఏదో చెప్పాను. చూస్తుండగానే నీళ్ళ మీద అలలు ఆగిపోయాయి.

నీళ్ళు అద్దంలా పరుచుకున్నాయి. అలమరలో గ్లాసుల చప్పుడు లేదు. కరెంటు పోలేదు, ఫ్యాను తిరుగుతూనే ఉంది. మేనేజరు గిన్నెలోంచి నన్నే చూస్తోంది.

ఎలా పరిగెత్తానో గుర్తులేదు. వీధిలో జనం గుమ్మాల్లోకి వచ్చి ఫ్యాక్టరీ వైపు చూస్తున్నారు. కరెంటు ఉండగా ఏళ్ళ తరబడి ఎప్పుడూ ఆగని చప్పుడు ఆగేసరికి వాళ్ళకి చెవులు దిబ్బడేసినట్టుంది. ఆవరణలో దిమ్మలు లాగేవాళ్ళంతా కొక్కేలు పట్టుకుని ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. మిషను గది తలుపు దగ్గరగా వేసి ఉంది. ఎవరూ దాని దగ్గరికి పోవడంలేదు.

ఆ తలుపు నాకు తెలుసు. పెద్దమేస్త్రి చేతులతో తడుముకుంటూ వచ్చింది దాంట్లోంచే. కాళ్ళు మళ్ళీ కదలనన్నాయి. ఈసారి కాళ్ళని అడగలేదు. తువ్వాలు తడిపి ముక్కుకి కట్టుకుని తోసుకుని వెళ్ళాను.

తమ్ముడు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. చేతులు శుభ్రంగానే ఉన్నాయి, అయినా తుడుస్తున్నాడు. వాల్వులన్నీ మూసేసి ఉన్నాయి. గోడకి మాస్కు వేలాడుతోంది. దానికుండే, గాలి వడగట్టే మందు డబ్బా ఎప్పుడో ఖాళీ అయిందని వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

"ఆపేశాను," అన్నాడు.

"ఏమైంది?"

"ఏం కాలేదు. ఆపేశానంతే." గుడ్డ పక్కన పడేసి అన్నాడు, "గ్యాసు తగ్గుతోంది అన్నయ్యా. నింపిస్తున్నాం, తగ్గుతోంది. ఎటు పోతోందో తెలియనట్టు అందరం ఊరుకున్నాం."

నేను తువ్వాలు విప్పి వాడికిచ్చాను. వాడు దాంతో కూడా చేతులే తుడుచుకున్నాడు.

సీజను నడిమధ్యలో మిషను ఆపినందుకు వాణ్ణి ఆ పూటే పంపేశారు. వాణ్ణి ఎగదోసినందుకు నన్నూ పొమ్మన్నారు. తొట్టి ఖాళీ చేసి చూసిన వెల్డరు తర్వాత బజారులో కనపడి, గొట్టం బొటనవేలితో నొక్కితే లోపలికి పోయిందని చెప్పాడు. అయినా ఈ సీజను లాగేసేదేలే అన్నాడట మేనేజరు. లాగేసేదేమో. ఎవరు చెప్పగలరు? తెగి ఉంటే వాణ్ణి వీరుడనేవారు, పోయాక. తెగలేదు కాబట్టి ఇప్పుడు వీధిలో మేమిద్దరం పిరికి అన్నదమ్ములం. చిన్న పిరికి, పెద్ద పిరికి. పని అడగడానికి ఎక్కడికెళ్ళినా ఆ పేరు మాకంటే ముందు వెళ్ళి కూర్చుంటుంది. మేం కాపాడిన ప్రాణాల్లో ఒక్కటి కూడా వచ్చి మా తలుపు కొట్టలేదు. వాటికి తెలిస్తే కదా.

గొట్టాలు మార్చేదాకా ఫ్యాక్టరీ మూతపడింది. ఐసు లేదు. అమ్మాయి తొట్టి చుట్టూ తడిగుడ్డ కట్టి, బల్ల ఫ్యాను దాని వైపు తిప్పింది. మేం నలుగురం చెమటలు కారుతూ కూర్చుంటే గాలంతా దానికి. మా ఆవిడ ఆ తిప్పిన ఫ్యానుని చూసి, ఈ ఇంట్లో మేనేజరంటే మేనేజరే అంది.

ఒకరోజు పొద్దున మొటిమ మీద సన్నటి వేళ్ళు కనపడ్డాయి. నాలుగు. దారప్పోగుల్లా. అమ్మాయి అందర్నీ పిలిచింది. తిండి పెట్టు బాబాయ్ అని పట్టకారు తమ్ముడి చేతికిచ్చింది.

వాడు ముక్క పట్టుకుని నీళ్ళలో పెట్టాడు. నేను వాడి మణికట్టు వైపు చూశాను. ఆడించడంలేదు. ఆడుతోంది. పట్టకారు అంచు గాజుకి తగిలి టకటకమంటోంది. వాడు రెండో చేత్తో పట్టుకున్నాడు, ఆగలేదు. మా ఆవిడ చూసి మొహం తిప్పుకుంది. అమ్మాయి నా వైపు చూసింది.

దీనికి నీ చెయ్యే సరి అని వాడు నాతో అన్న మాట నాకు గుర్తుంది. వాడికీ గుర్తుందని వాడి చెవులు ఎర్రబడటంలో తెలిసింది. అనచ్చు. ఆ వేసవంతా నాకు దక్కిన ఒకే ఒక్క అవకాశం అది.

అనలేదు. వాడి పక్కన గొంతుక్కూర్చుని ఆ చెయ్యి కింద నా చెయ్యి పెట్టాను. రెండు చేతులూ కలిసి ఇంకా ఎక్కువ వణికాయి.

మేనేజరు లేచొచ్చి, మా ఇద్దర్నీ రెప్పెయ్యకుండా చూసి, గుటుక్కున లాక్కుంది.